పెట్రోబ్రాస్‌లో దొంగతనం జరిగినట్టా, జరగనట్టా? తీర్పులు కొట్టేశాక ఏది నమ్మాలి?

ఉప్పాడ_అల
మూడు రోజులుగా మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకటే గొడవ, బ్రెజిల్ చమురు కంపెనీ పెట్రోబ్రాస్ గురించి. ఒకాయన "సర్కారు కంపెనీ అంటేనే దోపిడీ, దాన్ని చూసైనా మనవాళ్లు అన్నీ అమ్మేయాలి" అంటాడు. ఇంకొకాయన "అసలు కుంభకోణమే లేదు, అక్కడ అధ్యక్షుడిగా చేసిన లూలాని జైల్లో పెట్టడానికి అల్లిన కథ, అందుకే తీర్పులన్నీ కొట్టేశారు" అంటాడు. ఇద్దరూ నాకన్నా పెద్దవాళ్లు. టీ తాగేసి వచ్చేస్తున్నాను గానీ లోపల మండుతోంది.

ఎందుకంటే ఆ పేరు నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. 2007లో మా తీరానికి ఎదురుగా ఉన్న కేజీ బేసిన్ లోతు సముద్రం బ్లాకులో, అదే 98/2లో, ఓఎన్జీసీ 15 శాతం వాటా పెట్రోబ్రాస్‌కి ఇచ్చింది. పేపర్లో ఆ వార్త చూసి మా నాన్న "నడిసముద్రంలో రెండు కిలోమీటర్ల లోతుకి దిగి చమురు తోడేవాళ్లంట్రా, మన ముందుకొస్తున్నారు" అని వీధంతా చెప్పాడు. ఆయన వేటకెళ్లే మనిషి. లోతంటే ఏంటో తెలిసినోడు. ఆయన అంత గొప్పగా చెప్పిన కంపెనీలో ఇంత దొంగతనం ఎలా జరిగింది? అసలు జరిగిందా? జరిగితే తిన్నదెవరు? తీర్పులు రద్దయ్యాయి కాబట్టి తిన్నదంతా అరిగిపోయినట్టేనా?

మొక్కజొన్న_పొత్తు
జరిగింది. దొంగిలించనోడు తిరిగెందుకిస్తాడు? కోట్ల డాలర్లు వెనక్కి కట్టారు కదా.

పాలకొల్లు_పిల్ల
వాళ్లు మన బ్లాకులోకి వచ్చారని ఇప్పుడే తెలిసింది. మరి ఏమైంది? చమురు తీశారా?

ఉప్పాడ_అల
లేదండి, కొన్నేళ్లకే వాటా వదిలేసి వెళ్లిపోయారు. వాళ్లతోపాటు వచ్చిన నార్వే వాళ్లూ వెళ్లారు. ఆ బ్లాకులో తొలి చమురు ఓఎన్జీసీయే తీసింది, 2024 జనవరిలో.

రిగ్గు_బాబాయ్
ముందు మీ నాన్నగారి మాట నిజమని చెప్పాలి. నేను 31 ఏళ్లు రిగ్గుల మీద బతికినవాణ్ణి. లోతు సముద్రం పని అంటే మా తరం అంతా బ్రెజిల్ వైపే చూసేది. ఆ కంపెనీ ఎలా పెరిగిందో తెలియకుండా దొంగతనం గురించి మాట్లాడితే ఏం పోయిందో అర్థం కాదు.

1953 అక్టోబర్ 3న బ్రెజిల్ అధ్యక్షుడు గెటూలియో వర్గాస్ చట్టం మీద సంతకం పెట్టి పెట్రోబ్రాస్ పుట్టించాడు. దానికి ముందు కొన్నేళ్లు "చమురు మనదే" అన్న నినాదంతో దేశమంతా ఊగిపోయింది. విద్యార్థులు, సైనికాధికారులు, కమ్యూనిస్టులు అందరూ ఒకే జెండా కింద. చిత్రమేంటంటే అప్పటికి వాళ్లకి చెప్పుకోదగ్గ చమురే లేదు, బాహియా నేలలో కాస్త తప్ప. ఏడాది తిరక్కుండానే వర్గాస్ గుండెలో తుపాకీ పేల్చుకుని చనిపోయాడు. ఆయన రాసిపెట్టిన ఆఖరి ఉత్తరంలో కూడా పెట్రోబ్రాస్ పేరుంది. అంత ప్రాణం పెట్టుకున్నారు ఆ దేశం వాళ్లు దాని మీద.

1960లో అన్వేషణ విభాగం చూసే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త వాల్టర్ లింక్ "నేల మీద మీకు పెద్దగా ఏమీ లేదు, సముద్రం చూసుకోండి" అని నివేదిక ఇచ్చాడు. విదేశీ చమురు కంపెనీల మనిషివంటూ ఆయన్ని తిట్టిపోశారు. చివరికి ఆయన మాటే నిలిచింది. 1968లో సెర్జిపే తీరంలో సముద్రపు చమురు, 1974లో కాంపోస్ బేసిన్‌లో గరూపా. 1973 ధరల దెబ్బకి దేశం కుదేలైంది, ఎందుకంటే వాడే చమురులో ఎనభై శాతం దాకా బయటినుంచి కొనేదే. ఇక చావో రేవో అని లోతుకి దిగారు. ఆ లోతుకి పనికొచ్చే పరికరాలు అంగట్లో దొరికేవి కావు. రియోలో సెన్పెస్ అని సొంత పరిశోధనా కేంద్రం పెట్టుకుని, ఒక్కొక్కటే తయారు చేసుకున్నారు. 1985లో మార్లిం, 1996లో రోంకడోర్. ఒక్కో బావి ముందుదాని కన్నా లోతు.

ఆ తర్వాతది ఉప్పు కింది చమురు. తీరానికి 300 కిలోమీటర్ల దూరం, రెండు కిలోమీటర్ల నీళ్లు, దాని కింద రాయి, దాని కింద రెండు కిలోమీటర్ల మందాన ఉప్పు. చమురు ఆ ఉప్పు కింద. ఉప్పు లోపల ఏముందో సిస్మిక్ బొమ్మల్లో, అంటే శబ్దం కిందికి పంపి తీసే బొమ్మల్లో, సరిగా కనపడదు. 2005లో పరాచీ దగ్గర తవ్విన మొదటి బావికి ఏడాది పైన పట్టింది, దాదాపు 24 కోట్ల డాలర్లు మింగింది. ఆ మొండితనంతోనే 2006లో టుపి దొరికింది. 2007 నవంబర్లో 500 నుంచి 800 కోట్ల బారెళ్లు అని ప్రకటించారు. ఇవాళ బ్రెజిల్ చమురులో నాలుగింట మూడొంతులకి పైగా ఆ ఉప్పు కిందనుంచే వస్తోంది.

ఇది దొంగలు చేసే పని కాదు. అదే భవనంలో పై అంతస్తుల్లో దొంగలున్నారు, అది వేరే సంగతి.

మొక్కజొన్న_పొత్తు
బాబాయ్ గారూ, గొప్పలతోపాటు 2001 కూడా చెప్పండి. పీ-36 పేలి మునిగింది, 11 మంది పోయారు. ప్రపంచంలోనే పెద్ద ప్లాట్‌ఫారాల్లో ఒకటి అన్నారు దాన్ని.

రిగ్గు_బాబాయ్
చెప్పకుండా ఎలా ఉంటాను. ఆ వార్త వచ్చిన రోజు మా రిగ్గు మీద ఎవరూ భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఆ పదకొండు మందిలో ఎక్కువమంది మంటలు ఆర్పడానికి వెళ్లినవాళ్లు.

నల్లగొండ_నాగలి
అసలు దోపిడి ఎట్ల జరిగిందో చెప్తున్న. మన దగ్గర కాంట్రాక్టుల గురించి తెలిసినోళ్లకు ఇది వెంటనే సమజైతది.

1998లో ఒక డిక్రీ తెచ్చిన్రు, పెట్రోబ్రాస్ మామూలు టెండర్ల పద్ధతి పక్కకు పెట్టి, తనకు నచ్చిన కొన్ని కంపెనీలనే పిలిచి బిడ్లు అడగొచ్చని. పని తొందరగా కావాలని తెచ్చిన్రు. ఏమైంది? ఒడెబ్రెక్ట్, ఓఏఎస్, కమార్గో కొరెయా, ఆంద్రాజీ గుచియెరెజ్, యూటీసీ లాంటి పెద్ద పెద్ద కంపెనీలు రింగైనయి. వాళ్లల్ల వాళ్లు దానికి "క్లబ్బు" అని పేరు పెట్టుకున్నరు. ఈ రిఫైనరీ నీకు, ఆ ప్లాట్‌ఫాం నాకు అని ముందే పంచుకునుడు, మిగిలినోళ్లు ఎక్కువ రేటు ఏసి ఓడిపోయినట్టు చేసుడు. డైరెక్టర్‌కు తెలుసు, అయినా పిలిచే లిస్టులో ఆ క్లబ్బోళ్ల పేర్లే ఉంటయి. దానికి లంచం కాంట్రాక్టు ఇలువల 1 నుంచి 3 శాతం.

మా పెదనాయన చిన్న కాంట్రాక్టర్, కాలువ పనులు చేసెటోడు. ఒకసారి రింగుల కలవనని టెండర్ ఏసిండు. రాత్రి ఇంటికొచ్చి మాట్లాడి పోయిన్రు. తెల్లారి ఆయన ఫారం ఎనక్కి తీసుకున్నడు. ఆ రాత్రి మా పెద్దమ్మ మొకం నాకింకా యాదికున్నది. గందుకే ఈ కథ చదివినప్పుడు బ్రెజిల్ నాకు దూరం అనిపియ్యలే.

కోరంగి_గాలి
@నల్లగొండ_నాగలి ఆ 3 శాతం ఎవరికెళ్లింది అన్నా? డైరెక్టర్లకేనా?

నల్లగొండ_నాగలి
తిలా పాపం తలా పిడికెడు. ఒక్కో డైరెక్టర్ కుర్చీ ఒక్కో పార్టీ వాటా. సప్లై విభాగం పీపీ పార్టీది, సర్వీసులది లూలా వాళ్ల వర్కర్స్ పార్టీది, అంతర్జాతీయ విభాగం పీఎండీబీది. అధ్యక్షుని పార్టీకి పార్లమెంటుల ఐదోవంతు సీట్లు కూడ ఉండవు ఆడ. మద్దతియ్యాలె అంటే కుర్చీలియ్యాలె. కుర్చీల కూసున్నోడు పార్టీకి సంపాయించి పెట్టాలె, తనకూ ఇంత తీసుకోవాలె.

వరంగల్_వకీలు
నాగలి చెప్పింది అప్రూవర్ల వాంగ్మూలాల్లో ఉన్నదే. బయటపడిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే ఉప్పాడ అల అడిగిన చివరి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

2014 మార్చి 17. బ్రెజీలియా నగరంలో ఒక పెట్రోల్ బంకు చుట్టూ నడిచే హవాలా వ్యాపారం మీద దాడి. అందుకే ఆపరేషన్ పేరు లావా జాటో, అంటే కార్లు కడిగే చోటు. ఆ బంకులో కార్లు కడిగే చోటు లేకపోయినా పేరు అలా పడిపోయింది. అందులో దొరికినవాడు అల్బెర్తో యూసెఫ్, పాత హవాలా మనిషి. పదేళ్ల కిందట ఇంకో కేసులో ఇదే న్యాయమూర్తి సెర్జియో మోరో ముందు అప్రూవర్‌గా మారి బయటపడ్డవాడు. అతని కాగితాల్లో ఒక రేంజ్ రోవర్ కారు కొన్న లెక్క కనపడింది. ఎవరికి కొన్నాడయ్యా అంటే పావ్లో రొబెర్తో కోస్తాకి. 2004 నుంచి 2012 దాకా పెట్రోబ్రాస్ సప్లై డైరెక్టర్. దారం అక్కడ దొరికింది.

2013 ఆగస్టులో వచ్చిన కొత్త చట్టం అప్రూవర్ ఒప్పందాలకి గట్టి పునాది వేసింది. కోస్తా నోరు విప్పాడు, తర్వాత యూసెఫ్, తర్వాత ఒకరి వెనక ఒకరు. ఆ చట్టం మీద సంతకం పెట్టింది అప్పటి అధ్యక్షురాలు, లూలా పార్టీ మనిషి దిల్మా రూసెఫ్ అని మరిచిపోవద్దు.

పాలకొల్లు_పిల్ల
ఒక్క కారు కోసమా!!

మొక్కజొన్న_పొత్తు
కారు చిన్నది. మూడో వరసలో ఉన్న మేనేజరు పెద్రో బరూస్కో ఒక్కడే దాదాపు 9.7 కోట్ల డాలర్లు తిరిగిస్తానని ఒప్పుకున్నాడు. డైరెక్టర్ కూడా కాదు. 1990ల చివర్నుంచే తీసుకుంటున్నానని తనే చెప్పాడు, అంటే లూలా గద్దెనెక్కక ముందునుంచి. "అంతా ఒక్క పార్టీ పాపం" అనే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

హ్యూస్టన్_వేపచెట్టు
పెట్రోబ్రాస్ అమెరికాలో కొన్న పాసడీనా రిఫైనరీ గురించి నేను చెప్తాను, రోజూ దాని గొట్టాలు చూస్తూ ఆఫీసుకి వెళ్లినదాన్ని. హ్యూస్టన్ పక్కనే, ఓడల కాలువ ఒడ్డున, పాతది, రోజుకి లక్ష బారెళ్ల చిల్లర సామర్థ్యం.

బెల్జియం వాళ్ల ఆస్ట్రా కంపెనీ 2005లో దాన్ని మొత్తంగా 4.25 కోట్ల డాలర్లకి కొంది. మరుసటి ఏడాది పెట్రోబ్రాస్ అందులో సగం వాటాకి 36 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఒప్పందంలో ఒక షరతు, భాగస్వాములకి పొసగకపోతే పెట్రోబ్రాస్ మిగతా సగం కూడా కొనాలని. పొసగలేదు. కోర్టులకెళ్లారు. చివరికి అంతా కలిపి దాదాపు 118 కోట్ల డాలర్లు అయింది. పైగా మార్లిం చమురు బరువైన రకం, పెద్ద మార్పులు చేస్తేగాని ఆ రిఫైనరీకి అది అరగదు. 2019లో షెవ్రాన్‌కి 35 కోట్లకి అమ్మారు, సరుకు విలువ వేరేగా.

2006లో బోర్డు అధ్యక్షురాలు దిల్మా. ఆ షరతుల సంగతి తమకిచ్చిన సారాంశంలో లేదని 2014లో ఆమె చెప్పింది. లేకపోతే అడగాలి కదా! అన్ని కోట్ల సంతకం ముందు పూర్తి కాగితం తెప్పించుకోవాలన్న ఆలోచన ఆ బల్ల చుట్టూ ఒక్కరికీ రాలేదంటే నాకు కోపం వస్తుంది. నేను ఇంటి అద్దె కాగితం కూడా రెండుసార్లు చదువుతాను.

లెక్కల_పుస్తకం
పాసడీనా పేరు మోగింది గానీ అసలు గొయ్యి అబ్రెయూ ఇ లీమా. పెర్నాంబుకో రాష్ట్రంలో రిఫైనరీ. మొదటి అంచనా 250 కోట్ల డాలర్ల లోపు. ఆఖరికి 1,800 కోట్లు దాటింది. వెనెజ్వేలా భాగం పెడతానని ఒక్క పైసా పెట్టలేదు.

ఇప్పుడు లెక్క. 2014 మూడో త్రైమాసికం ఖాతాల మీద ఆడిటర్ పీడబ్ల్యూసీ సంతకం పెట్టనంది. దొంగ డబ్బు ఆస్తుల విలువలో కలిసిపోయి ఉంటే ఎలా పెడతారు? 2015 ఫిబ్రవరిలో అధిపతి గ్రాసా ఫోస్టర్ దిగిపోయింది. ఏప్రిల్లో ఖాతాలొచ్చాయి. అవినీతి కింద 620 కోట్ల రియాల్లు (బ్రెజిల్ డబ్బు) ఆస్తుల విలువలోంచి కొట్టేశారు. దీన్ని ఎలా పట్టారంటే, 2004 నుంచి 2012 దాకా 27 కంపెనీల కాంట్రాక్టులు తీసుకుని 3 శాతం వేశారు. లంచం మాత్రమే అది. రింగు వల్ల రేటు పెరిగిన మొత్తం అందులో లేదు. ఇంకో 4,460 కోట్ల రియాల్లు ఆస్తుల విలువ తగ్గుదల కింద రాశారు. చమురు ధర పడిపోవడం, చెత్త ప్రాజెక్టులు అన్నీ అందులోనే.

కాబట్టి "620 కోట్లే కదా" అనేవాళ్లని నమ్మొద్దు. "మొత్తం నష్టం అంతా లంచమే" అనేవాళ్లనీ నమ్మొద్దు. పెట్రోల్ ధర పెంచనివ్వకుండా ఎక్కువకి కొని తక్కువకి అమ్మించిన ఏళ్లున్నాయి, ఆ నష్టం వేరే. అప్పు 10,000 కోట్ల డాలర్లు దాటి, ప్రపంచంలోనే ఎక్కువ అప్పున్న చమురు కంపెనీ అనిపించుకుంది.

స్వేచ్ఛా_సంత
ఇన్ని చెప్పి అసలు మాట వదిలేస్తున్నారు. కుర్చీలు రాజకీయ నాయకుల చేతిలో ఉన్నాయి కాబట్టే దోచారు. ప్రైవేటు కంపెనీ అయితే యజమాని తన డబ్బు పోనివ్వడు. ఉప్పాడ అల ఆఫీసులో మొదటాయనే కరెక్టు.

కోరంగి_గాలి
లంచం ఇచ్చింది ప్రైవేటోళ్లే కదండీ. ఒడెబ్రెక్ట్‌లో లంచాలకి ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంటే ఉంది, "నిర్మాణాత్మక కార్యకలాపాల విభాగం" అని పేరు. దానికి సొంత కంప్యూటర్ వ్యవస్థ, నాయకులకి మారుపేర్లు. యజమాని తన డబ్బు పోనివ్వలేదు, లంచానికి ఒకటి పెట్టి నాలుగు రాబట్టుకున్నాడు. 2016 డిసెంబర్లో వాళ్లే అమెరికా న్యాయశాఖ ముందు ఒప్పుకున్నారు, 12 దేశాల్లో 78.8 కోట్ల డాలర్ల లంచాలు. అందులో పెట్రోబ్రాస్ ఒక్క అధ్యాయం. ప్రైవేటు అంటే నిజాయితీ అని ఎవరు చెప్పారు మీకు?

పాలకొల్లు_పిల్ల
మారుపేర్లు నేను చదివాను! పార్లమెంటు దిగువసభ అధ్యక్షుడు ఎదువార్దో కున్యా పేరు "పీత". మా వైపు పీతకి చాలా మర్యాద ఉంది, పులుసులో. ఆ పేరు ఆయనకి పెట్టడం నాకు నచ్చలేదు :)

స్వేచ్ఛా_సంత
@కోరంగి_గాలి నిజమే, ఒడెబ్రెక్ట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అది కూడా ప్రభుత్వ కాంట్రాక్టుల మీద బతికిన కంపెనీ. నిజమైన పోటీ ఉంటే అలా పెరిగేది కాదు. 1997లోనే పెట్రోబ్రాస్ గుత్తాధిపత్యం చట్టంలో తీసేశారు, విదేశీ కంపెనీలు వచ్చాయి. ఆ దారిలో ఆగకుండా వెళ్లాల్సింది.

రిగ్గు_బాబాయ్
వెళ్తే ఉప్పు కింద ఎవరు తవ్వేవారు బాబూ? ఏడాది పైన ఒక్క బావి మీద కూర్చునే ఓపిక మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన వాళ్లకి ఎంత ఉంటుందో నేను కళ్లారా చూశాను. అలా అని డైరెక్టర్ కుర్చీ పార్టీలకి పంచమని నేనెప్పుడూ అనను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోం కదా.

వరంగల్_వకీలు
2016 జూన్లో తెచ్చిన ప్రభుత్వ సంస్థల చట్టం ఆ పనే చెయ్యబోయింది, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు బోర్డుల్లోకి రాకూడదని. దాన్ని సడలించాలని తర్వాత ఒత్తిళ్లు వస్తూనే ఉన్నాయి.

ఇక కేసుల సంగతి. నెమ్మదిగా చదవండి, ఇక్కడే అందరూ పొరబడతారు.

2017 జూలైలో మోరో లూలాకి తొమ్మిదిన్నరేళ్లు వేశాడు, గ్వారుజా సముద్రతీరంలో ఒక మూడంతస్తుల ఫ్లాటు ఓఏఎస్ ఇచ్చిందన్న కేసులో. అప్పీల్లో 12 ఏళ్లు దాటింది. 2018 ఏప్రిల్లో జైలు, 580 రోజులు. సర్వేల్లో ముందున్న మనిషి ఆ ఏడాది ఎన్నికల్లో నిలబడలేకపోయాడు. గెలిచింది బోల్సొనారో. 2019 జనవరిలో ఆయన ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి ఎవరు? మోరో. శిక్ష వేసిన న్యాయమూర్తి, ఆ శిక్ష వల్ల లాభపడ్డవాడి దగ్గర మంత్రి అయ్యాడు! ఇది మన జిల్లా కోర్టులో జరిగినా నేను నిలబడి అడిగేవాణ్ణి.

2019 జూన్లో లీకైన సందేశాలు బయటికొచ్చాయి. న్యాయమూర్తి ప్రాసిక్యూటర్లకి సలహాలిస్తున్నాడు, దాడుల వరసెలా ఉండాలో చెబుతున్నాడు, ఫలానా వాడు సాక్ష్యం చెప్పొచ్చు కనుక్కోండి అంటున్నాడు. అంపైర్ ఒక జట్టుకి కోచింగ్ ఇచ్చినట్టు. దానికి ముందు 2016 మార్చిలో దిల్మా, లూలాల ఫోన్ సంభాషణ బయటపెట్టాడు. ట్యాపింగ్ ఆపమని తనే ఆదేశం ఇచ్చాక రికార్డయిన సంభాషణ అది.

2021 మార్చిలో సుప్రీంకోర్టు జడ్జి ఫాషిన్, ఈ కేసులు విచారించే అధికారం మోరో కూర్చున్న కురితీబా నగరం కోర్టుకి లేదని తీర్పులు రద్దు చేశాడు. తర్వాత మోరో పక్షపాతంగా వ్యవహరించాడని సుప్రీంకోర్టే తేల్చింది. చట్టం దృష్టిలో లూలా నిర్దోషి, అందులో సందేహం లేదు. 2022 అక్టోబర్లో గెలిచాడు.

కానీ ఆ తీర్పు "పెట్రోబ్రాస్‌లో దొంగతనం జరగలేదు" అనలేదు. విచారణ చెల్లదు అనడం వేరు, నేరమే లేదు అనడం వేరు.

మొక్కజొన్న_పొత్తు
2023 సెప్టెంబర్లో జడ్జి టోఫోలీ ఒడెబ్రెక్ట్ ఒప్పందం నుంచి వచ్చిన సాక్ష్యాలన్నీ చెల్లవన్నాడు. దాన్ని పట్టుకుని ఎంతమంది బయటపడ్డారో! పట్టినోళ్లు పద్ధతి తప్పడం వల్ల నిజంగా తిన్నోళ్లు కూడా జారిపోయారు. మోరో మీద నా కోపం అందుకే. లూలా అభిమానిని కాదు నేను.

నల్లగొండ_నాగలి
గిదే నా బాధ కూడ. మా పెదనాయనను బెదిరించినోళ్ల మీద రేపు కేసు పెట్టినా, పెట్టినోడు పద్ధతి తప్పితే వాళ్లు దండలేసుకొని బయటికొస్తరు.

గోదారి_గట్టు
ఈ కేసుల వెనక అమెరికా చెయ్యి ఉందని కొందరంటారు, ఆ మాట కూడా పూర్తిగా కొట్టేయలేం. అమెరికా న్యాయశాఖ వాళ్లు బ్రెజిల్ ప్రాసిక్యూటర్లతో కలిసి పనిచేశారు, అది దాచిందేం కాదు. పెట్రోబ్రాస్ షేర్లు న్యూయార్క్‌లో కూడా అమ్ముతారు కాబట్టి వాళ్ల చట్టం వర్తిస్తుంది.

లెక్కల_పుస్తకం
@గోదారి_గట్టు ఆ న్యూయార్క్ సంగతి ఎటు తిరిగిందో చూడండి. 2018 జనవరిలో అక్కడి వాటాదారుల దావా తేల్చుకోవడానికి పెట్రోబ్రాస్ 295 కోట్ల డాలర్లు ఇచ్చింది. బ్రెజిల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కొనుక్కున్న అక్కడి మామూలు జనానికి అందులో వాటా లేదు. అంటే దోపిడీకి గురైన కంపెనీయే పరిహారం కట్టింది, అది కూడా బయటివాళ్లకి. మన హైదరాబాద్ సత్యం వ్యవహారంలోనూ ఇంతే, అమెరికాలో దావా వేసినవాళ్లకి 2011లో 12.5 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది, ఇక్కడి చిన్న వాటాదారులకి అలాంటిది రాలేదు.

2018 సెప్టెంబర్లో అమెరికాతో ఇంకో ఒప్పందం, 85.3 కోట్ల డాలర్లు. ఇందులో 80 శాతం బ్రెజిల్‌కే తిరిగొచ్చింది. కురితీబా ప్రాసిక్యూటర్లు ఆ డబ్బులో భాగంతో ఒక ఫౌండేషన్ పెట్టాలనుకున్నారు, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆపేసింది.

హ్యూస్టన్_వేపచెట్టు
ప్రాసిక్యూటర్లు ఫౌండేషన్ పెట్టడమేంటి??

వరంగల్_వకీలు
అవును. ఉద్దేశం మంచిదే అయినా సరే, జరిమానా డబ్బు ఖజానాకి పోవాలి.

విశాఖ_వెల్డింగ్
మీరందరూ డైరెక్టర్లు, జడ్జీల గురించే మాట్లాడుతున్నారు. నేను ఓడల పనిలో వెల్డర్ని. ఇతాబొరాయి ఊరి సంగతి ఎవరైనా రాస్తారేమో అని చూస్తున్నాను.

రియో పక్కన ఊరు అది. కంపెర్జ్ అని పెద్ద పెట్రోకెమికల్ సముదాయం కడుతున్నారని దేశం నలుమూలల నుంచి పనోళ్లు దిగారు. హోటళ్లు, షాపింగ్ కాంప్లెక్సులు, అద్దె ఇళ్లు లేచాయి. 2014 తర్వాత కాంట్రాక్టులు ఆగిపోయాయి, వేల మందిని ఇంటికి పంపేశారు. సగం కట్టిన గోడలు, ఖాళీ షట్టర్లు. ఓడల యార్డులూ అంతే. డ్రిల్లింగ్ ఓడలు దేశంలోనే కట్టాలని సెతె బ్రసీల్ అని కంపెనీ పెట్టారు, 28 ఓడలన్నారు, 2016లో దివాలా. ఆ యార్డుల్లో నాలాంటోళ్లు ఎంతమందో.

నేను ఒక యార్డులో పనిచేస్తుండగా పైవాళ్ల మీద కేసు పడి ఆర్డర్ ఆగిపోయింది. తొమ్మిది నెలలు జీతం లేదు. నాకు ఎవరి లంచమూ తెలీదు, ఎవరి పార్టీ తెలీదు. నా పాప స్కూలు ఫీజు కట్టలేకపోయాను, అంతే తెలుసు. దొంగని పట్టుకోవద్దనట్లేదు. దొంగని పట్టుకుని పనిని ఎందుకు చంపుతారని అడుగుతున్నాను. ఆ కంపెనీల యజమానుల చేతిలోంచి వాటాలు లాక్కుని, పని నడిపించొచ్చు కదా.

స్వేచ్ఛా_సంత
@విశాఖ_వెల్డింగ్ అన్నా, ఈ మాట మీద నేను మీతోనే. యజమానిని శిక్షించాలి, యార్డుని కాదు. ఒడెబ్రెక్ట్ 2019 జూన్లో 9,850 కోట్ల రియాల్ల అప్పుతో కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది నోవోనోర్ అని పేరు మార్చుకుంది. కింద ఉన్న లక్షమందికి పైగా ఇంజినీర్లు, కూలీలు ఏమయ్యారో ఎవరూ లెక్క రాయలేదు.

గోదారి_గట్టు
యజమాని మార్సెలో ఒడెబ్రెక్ట్‌కి 2016లో 19 ఏళ్లు వేశారు. అప్రూవర్‌గా మారాక జైల్లో ఉన్నది రెండున్నరేళ్లు, తర్వాత తన భవంతిలోనే గృహనిర్బంధం. 2024లో ఆయన మీద ఉన్న ఉత్తర్వులూ రద్దయ్యాయి.

విశాఖ_వెల్డింగ్
చూశారా.

కోరంగి_గాలి
దొంగతనాన్ని శుభ్రం చెయ్యడానికి తెచ్చినోడి సంగతి కూడా. గ్రాసా ఫోస్టర్ తర్వాత పెట్రోబ్రాస్ అధిపతిగా బ్యాంకు నుంచి అల్దెమీర్ బెందీనీని తెచ్చారు. 2017లో ఆయన్నే అరెస్టు చేశారు. కంచే చేను మేస్తే అనే మాట ఎన్నిసార్లు వాడాలి ఈ కథలో!

వరంగల్_వకీలు
ఆయన శిక్ష కూడా 2019లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. అప్రూవర్ ఆఖర్న ఏం రాశాడో చూశాకే నిందితుడు తన వాదన రాయాలి, ఇద్దరికీ ఒకే గడువు పెట్టడం తప్పు అంది. చిన్న విషయంలా కనపడుతుంది. కాదు. నీ మీద ఏం చెప్పారో తెలియకుండా నువ్వు జవాబెలా చెబుతావు?

ఉప్పాడ_అల
అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. వకీలు గారి మాట, లెక్కల పుస్తకం గారి మాట కాగితం మీద రాసుకున్నాను. నాకు అర్థమైంది ఇది, తప్పయితే చెప్పండి. దొంగతనం జరిగింది, పెట్రోబ్రాస్‌కి 600 కోట్ల రియాల్లకి పైగా తిరిగి కూడా వచ్చింది. తిన్నది పార్టీల మనుషులు, ఇచ్చింది ప్రైవేటు రింగు. విచారణ చేసినోళ్లు ఒక మనిషి మీద గురిపెట్టి పద్ధతి తప్పారు. మా క్యాంటీన్‌లో ఇద్దరి దగ్గరా సగం సగం ఉంది. విశాఖ అన్న చెప్పిన ఇతాబొరాయి సంగతి మాత్రం ఇద్దరి దగ్గరా లేదు, రేపు ముందు అదే చెప్తాను.

వరంగల్_వకీలు
తప్పేం లేదు. ఒక్కటి కలుపుకోండి, 2016లో దిల్మాని దించింది పెట్రోబ్రాస్ కేసులో కాదు, బడ్జెట్ లెక్కల మాయ అన్న ఆరోపణ మీద. మీ రెండో ఆయన ఆ రెండూ కలిపేస్తాడు, చూస్తూ ఉండండి.

ఉప్పాడ_అల
సరేనండి. రిగ్గు బాబాయ్ గారూ, రాత్రి మీ పోస్టు మా నాన్నకి చదివి వినిపించాను. లంచాల సంగతి విని ఏమీ అనలేదు. "ఉప్పులో బొక్క పెడితే నీళ్లకి కరిగిపోదా? ఎలా నిలబడుద్ది?" అని అడిగాడు. కనుక్కోమన్నాడు.

రిగ్గు_బాబాయ్
నాన్నగారు సరైన చోట పట్టుకున్నారు. అందుకే ఆ ఉప్పు పొరలో నీళ్లతో కలిపిన మడ్డి (తవ్వేటప్పుడు బావిలో పోసే చిక్కటి బురద ద్రవం) వాడరు, వాడితే బావి గోడ కరిగి గుహ అయిపోతుంది. నూనెలాంటి ద్రవంతో కలిపిన మడ్డి గానీ, అప్పటికే ఉప్పు నిండా పట్టిన నీళ్లు గానీ పోస్తారు. ఇంకో చిక్కుంది. అంత లోతులో, అంత వేడిలో ఉప్పు రాయిలా ఉండదు, గట్టి ముద్దలా మెల్లగా కదులుతుంది. బొక్క పెట్టిన చోటుకి మళ్లీ మూసుకొస్తుంది, డ్రిల్లు పైపుని పట్టేస్తుంది. మడ్డి బరువు పెంచి దాన్ని వెనక్కి నెట్టి ఉంచుతూ తవ్వాలి, ఆగకుండా మందం గొట్టం దించి సిమెంటు పొయ్యాలి. ఆలస్యమైతే బావి పోయినట్టే. నాన్నగారిని ఇంకేమైనా ఉంటే అడగమనండి, రాస్తాను.